బల్లి పలికిన మాట

బల్లి మీద పడితే తలస్నానం చేస్తాం, మాట మీద పలికితే దండం పెడతాం. దానికీ ఒక బతుకుందని మాత్రం మనకు తట్టదు. నాకు తట్టింది. తట్టి ఏం లాభం?

రెంజల్ దగ్గర మా ఊళ్లో అందరూ చెరుకు వేసేవాళ్లే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక్కొక్కరే వరికి మళ్లారు. మా బాపు మాత్రం మళ్లీ చెరుకే అన్నాడు. అప్పుడు నేను బోధన్‌లో డిగ్రీ చదువుతున్నాను, జంతుశాస్త్రం. ఒక సాయంత్రం అన్నాల దగ్గర అవ్వ, అంటే మా అమ్మ, గొడవ పెట్టుకుంది.

"ఫ్యాక్టరీ తెర్వరు. ఈసారన్న వరి ఎయ్యి."

"ఎందుకు తెర్వరు? వచ్చే సీజన్‌కు తెరుస్తరు సూడు," అన్నాడు బాపు.

ట్యూబ్‌లైటు వెనక బల్లి టిక్కుటిక్కుమంది. బాపు వేలితో నేల మీద కొట్టి "సత్యం, సత్యం" అన్నాడు. నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నువ్వు పాములు, బల్లుల సదువే సదువుతున్నవ్ గద. బల్లి అబద్ధమాడ్తదా?"

ఇంటి బల్లి అరిచేది జతను పిలవడానికి, లేదా ఇంకో బల్లిని తన చోటికి రానివ్వకుండా ఉండడానికి. పరీక్షలో రాశాను, మార్కులూ పడ్డాయి. కానీ నెలల తర్వాత బాపు ముఖంలో నవ్వు చూస్తున్నాను. ఎలా చెరపను?

"అబద్ధమాడదు బాపు," అన్నాను.

అవ్వ నన్నొకసారి చూసి, కంచం తీసుకుని లేచిపోయింది. చదువుకున్న పిల్లే అన్నాక ఆమె మాట ఎవరు వింటారు?

ఫ్యాక్టరీ తెరవలేదు. దూరపు ఫ్యాక్టరీల వాళ్లు మా వైపు కోతకు రాలేదు. చెరుకు పూత పూసి, బెండుబారి, నిలువునా ఎండింది. చివరికి బాపే అగ్గి పెట్టాడు. మంటలోంచి తొండలు, ఉడుములు, ఒక జెర్రిపోతు గట్టు దాటి పక్కవాళ్ల వరిమళ్లలోకి ఉరికాయి. వాటికైనా పోయేందుకు చోటుంది. మరుసటి ఏడు పొలం అమ్మేశాం.

ఇప్పుడు బాపు నిజామాబాద్‌లో నా అద్దె ఇంట్లో ఉంటాడు. అవ్వ పోయింది. పోయేదాకా ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తి నన్ను దెప్పలేదు. దెప్పినా బాగుండేది.

నిన్న టీవీ వెనక బల్లి పలికింది. బాపు వేలు అలవాటుగా లేచి, కుర్చీకి తగలకుండానే ఆగింది. ఆ వేలు చూసి ఇక ఉండబట్టలేదు.

"అది అబద్ధమాడలే బాపు. 'ఈ గోడ నాది' అంటది, గంతే. నాకు గప్పుడే ఎరుక."

బాపు గోడ మీంచి చూపు తిప్పి నా వైపు తిరిగాడు.

"మరి గప్పుడెందుకు జెప్పలే బిడ్డా?"