దడి మీద వంగిన కొబ్బరిచెట్టు

పెళ్లయి రేపల్లెలో కాపురానికొచ్చిన మొదటి వారంలోనే మా దొడ్డి చట్టం నాకు అర్థమైపోయింది. మా దొడ్డికీ, చేపలమ్ముకునే ఆవిడ పాకకీ మధ్య తాటాకు దడి ఉండేది. ఆవిడ మునగకొమ్మ దడి దాటి మా వైపు వంగింది. దాని కాయలు మావి. మా కొబ్బరిచెట్టు దడి దాటి ఆవిడ వాకిట్లోకి వంగింది. దాని కాయలూ మావే. ఇదెక్కడి న్యాయమని అడిగే నోరు ఆ ఇంట్లో ఎవరికీ లేదు, మా మామగారితో సహా.

"మన దొడ్డి మీద గాలి మనదే" అనేది మా అత్తగారు, మునక్కాడలు తుంపుకుంటూ. కొబ్బరికాయ అవతల పడితే మాత్రం చెట్టెవరిదని నిలదీసేది. అప్పుడు గాలి ఊసే ఎత్తేది కాదు. నేను చాటుగా నవ్వుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ మునక్కాడల పులుసు నాకూ ఇష్టమే.

అరవైల చివర్లో ఒక వేసవి. ఆవిడ దడి దగ్గరికొచ్చి నిలబడింది. మొగుడు సముద్రానికి వెళ్లి తిరిగి రాలేదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగితేనే ఆ పాకలో పొయ్యి వెలిగేది. మధ్యాహ్నం పూట మా చెట్టు నీడలో కూర్చుని ఎండుచేపలు ఏరుకునేది. కాయలు దింపే మనిషి వచ్చినప్పుడు తన నెత్తిమీద వేలాడే గెల ఒక్కటి దింపించమని అడిగింది.

మా అత్తగారికి కురిడీల పిచ్చి. కాయ చెట్టు మీదే ముదిరి, దానంతటది రాలితేనే లోపలి నీళ్లింకి, కొబ్బరి ఎండి మంచి కురిడీ అవుతుందని ఆమె నమ్మకం. ఆ గెలను అందుకే అట్టే పెట్టింది.

"భయమైతే అక్కడ కూర్చోకే. చెట్టు మాది. అది వంగినంత మేర గాలీ మాదే."

"ఇంకో నీడ లేదండి, అమ్మగారూ."

"అయితే ఎండలో కూర్చో."

రెండు వారాలు తిరక్కుండానే, మధ్యాహ్నం భోజనాలయ్యాక, దబ్బుమని చప్పుడు, వెనకే కేక. దడి సందులోంచి చూశాను. కాయ మెడకీ భుజానికీ కలిపి తగిలింది. ఎవరో నలుగురు మోసుకుని రైల్లో తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికింది. కానీ మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది, కుడి చెయ్యి పైకి లేవలేదు. ఆ నెత్తిన ఇక గంప నిలవదు.

ఆవిడ ఇంటికొచ్చిన రోజు సాయంత్రం అత్తగారు నన్ను పిలిచింది. చూసి రమ్మంటుందేమో అనుకున్నాను. ఎంతైనా మనిషే కదా అని లోపల సంతోషపడ్డాను కూడా. ఆమె ఆ రాలిన కాయ తెమ్మంది.

వెళ్లనని అనొచ్చు. అనలేదు. అత్తగారికి జడిసి వెళ్లానని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. శుద్ధ అబద్ధం. ఆమె తర్వాత ఆ దొడ్డి, ఆ చెట్టు, ఆ గాలి నావేనని నాకప్పటికే తెలుసు.

ఆవిడ నులకమంచం మీద పడుకుని ఉంది. ఎలా ఉందని అడగలేదు. మా అత్తగారు కాయ తెమ్మన్నారని నేల చూస్తూ చెప్పాను. ఆవిడ ఎడమచెయ్యి మంచం కిందికి పోనిచ్చి, తడుముకుని కాయ బయటికి తీసింది.

"అడుగుతారని తెలుసండి. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు" అంది.

వర్షాలు మొదలయ్యేలోపు ఆవిడ పాక వదిలేసి ఎటో వెళ్లిపోయింది. ఎటు వెళ్లిందని మా ఇంట్లో ఎవరం అడగలేదు. అటక మీద ఎండి ఆ కాయ మంచి కురిడీ అయింది. కజ్జికాయల్లోకి దాన్ని నేనే తురిమాను. బాగా కుదిరాయి. నాలుగు తిన్నాను.