డాక్టరుగారి ఫోటోకి నేను వేసిన దండ

బతికున్న మనిషిని, అందులోనూ నాటింగ్‌హామ్‌లో సగం మంది తెలుగువాళ్లకు జ్వరం మాత్రలు రాసిచ్చిన డాక్టరుగారిని, ఒక శనివారం పొద్దున్న నేను నా రెండు చేతులతో చంపేశాను. కంగారు పడకండి. రక్తం కారలేదు, పోలీసులు రాలేదు, పోయినాయన ఆ మధ్యాహ్నం సుబ్బరంగా భోంచేశారు కూడా. అయినా ఆ పూట నేను పడ్డ భయం పగవాళ్లకి కూడా వద్దు. మొదట్నుంచీ చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వండి, జాలిపడేవాళ్లు జాలిపడండి.

నేను తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని. పెళ్లయ్యాక మా ఆయన శ్రీనాథ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట నాటింగ్‌హామ్ వచ్చి పడ్డాను. ఇక్కడ నా కప్పల గురించీ బొద్దింకల గురించీ వినే నాథుడు లేడు. ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని గ్రాఫిక్ డిజైన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. అదే ఎందుకంటారా? ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది, ఆన్‌లైన్‌లో పాఠాలు ఉచితం. ఇంతకంటే గొప్ప కారణం ఉంటే చెప్పేదాన్నే.

పాఠాలు చెప్పే కుర్రాడు ఎప్పుడూ టోపీ పెట్టుకుని, నవ్వుతూ, "కీప్ గోయింగ్!" అనేవాడు. వాడికేం, వాడు మౌస్ అలా తిప్పితే నెమలి వచ్చేది. నేను తిప్పితే నెమలి రాకపోగా అప్పటిదాకా వేసింది కూడా మాయమయ్యేది. పొద్దున్న వంట కాగానే మహా ఉత్సాహంగా కూర్చునేదాన్ని. మధ్యాహ్నానికల్లా "ఇది నా వల్ల కాదు బాబోయ్" అని మూత వేసేదాన్ని. టీ తాగాక సిగ్గు లేకుండా మళ్లీ తెరిచేదాన్ని. ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయనకు చూపించడం ఇంకో పరీక్ష.

"బాగుంది లలితా. వంకాయేనా?"

"యాపిల్ అండీ!"

"అవునవును, యాపిలే. తొడిమ చూసి పొరబడ్డాను."

మర్నాడు సీతాకోకచిలుక వేస్తే సీలింగ్ ఫ్యాన్ అన్నారు. ఆ తర్వాత ఆయన తెలివిమీరి, ఏం చూపించినా "చాలా కష్టపడ్డావ్" అనడం నేర్చుకున్నారు. నాకు వంకాయే నయమనిపించింది.

కొన్ని నెలలు ఇలా గడిచాక ఆయన మెల్లగా కదిపారు. "మా ఫ్రెండు వాళ్ల ఆఫీసులో డేటా ఎంట్రీ పోస్టు ఖాళీ ఉందట. సోమవారం లోపల అవునో కాదో చెప్పాలి. బలవంతం లేదు, ఆలోచించు."

డేటా ఎంట్రీ చెడ్డ పనేమీ కాదు. కానీ దానికి సరే అంటే బొమ్మల పని అటకెక్కుతుందని నాకు తెలుసు. వదలాలని లేదు నాకు. వచ్చీరాని పనే అయినా ఈ దేశంలో నాకంటూ ఉన్నది అదొక్కటే. అందుకని మనసులో ఒక లెక్క వేసుకున్నాను. సోమవారం లోపల నేను చేసిన దాన్ని చూసి, మా ఆయన కాకుండా, ఒక్క మనిషి నోరారా "బాగుంది" అంటే కొనసాగిస్తాను. అనకపోతే డేటా ఎంట్రీయే గతి.

సరిగ్గా అప్పుడే సుశీల ఆంటీ ఫోన్ చేశారు. ప్రభాకరం అంకుల్ భార్య ఆవిడ. అంకుల్ ఇక్కడే ఒక క్లినిక్‌లో ఫ్యామిలీ డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఏళ్ల తరబడి మా తెలుగు సంఘాన్ని నడిపి, ఆ బాధ్యత కూడా అప్పగించేస్తున్నారు. ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో ఆయనకు సన్మానం.

"ఏం చెప్పమంటావు లలితా! గ్రూపులో మెసేజ్ పెట్టి ఎన్ని రోజులైందో. వస్తామన్న వాళ్లు గుప్పెడు మంది కూడా లేరు. ఖాళీ కుర్చీలు చూస్తే అంకుల్ మనసు చిన్నబుచ్చుకుంటారమ్మా. పైకి అనరు గానీ."

"అయ్యో, మరెలా ఆంటీ?"

"నువ్వేదో డిజైనింగ్ నేర్చుకుంటున్నావుగా. మంచి పోస్టర్ ఒకటి చేసి నువ్వే గ్రూపులో పెట్టెయ్. చూడగానే జనం కదలాలి!"

కదిలారు లెండి. ఆ సంగతి తర్వాత.

ఆంటీ పంపిన ఫోటో ఎవరిదో పెళ్లిలో తీసింది. ఫ్లాష్ పడి అంకుల్ కళ్లు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. పక్కనే ఎవరిదో ఊదారంగు చీర కొంగు. ఎన్ని తిప్పలు పడ్డా ఆ ఎరుపు పోలేదు. ఫోటోలో రంగులు బాగోకపోతే బ్లాక్ అండ్ వైట్ చేసేయండి, హుందాగా ఉంటుంది అని టోపీ కుర్రాడు చెప్పింది గుర్తొచ్చి, చేసేశాను. నిజంగానే హుందాగా వచ్చింది.

మరీ బోసిగా ఉందని ఫ్రేమ్ చుట్టూ పూలు పెట్టాను. ఆ వారమే పూల బ్రష్ పాఠం అయింది. ఒక్కో బంతిపువ్వూ వేసి, పైనుంచి రెండు పక్కలా వేలాడేలా ఎంత పొందిగ్గా దిద్దానో! సభలకు జ్యోతి వెలిగిస్తారు కదా అని కింద ఒక దీపం పెట్టాను. పేరు కింద అంకుల్ ఈ దేశంలో అడుగుపెట్టిన సంవత్సరం, ఒక గీత, ఈ సంవత్సరం. మాటలు ఎంత తక్కువైతే అంత మంచిదన్నాడు కుర్రాడు. అందుకని "మీ సేవ మరువలేనిది" అని ఒక్క ముక్క. చివర్లో: "ఆదివారం సాయంత్రం, కమ్యూనిటీ హాలు. భోజనాలు కలవు."

మీకిప్పటికే అర్థమైపోయి ఉంటుంది. నాకెందుకు అర్థం కాలేదని అడక్కండి. పువ్వు వేసేటప్పుడు పువ్వునే చూశాను, దీపం వేసేటప్పుడు దీపాన్నే చూశాను. అన్నీ కలిపి ఒక్కసారి దూరం నుంచి చూడాలని ఏ పాఠంలోనూ ఎవరూ చెప్పలేదు. శనివారం పొద్దున్న మా ఆయనకు చూపించాను. ఆయన ఆఫీసు కాల్‌లో ఉండి, స్క్రీన్ వైపు తల కూడా తిప్పకుండా "చాలా కష్టపడ్డావ్" అన్నారు. నేను గ్రూపులో పెట్టేసి తలంటుకోవడానికి వెళ్లాను.

తల తుడుచుకుంటూ వచ్చి చూద్దును కదా, ఫోన్ ఆగకుండా మోగుతోంది. గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలే. "నమ్మలేకపోతున్నాం." "మాటలు రావడం లేదు." "చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి." నాకు ఒళ్లు పులకరించిపోయింది. నా మొదటి పోస్టర్‌కే ఇంత స్పందనా! ఒకాయన "ఇంత త్వరగానా?" అని రాశారు. నేను తొందరగా నేర్చుకున్నందుకు ఆశ్చర్యపోతున్నారేమో అనుకుని, "అంతా మీ అందరి ఆశీర్వాదం" అని జవాబు కూడా పెట్టాను. రాసిన చేతిని ఇప్పటికీ నరుక్కోవాలనిపిస్తుంది.

అప్పుడు మురళీధర్ అంకుల్ ఫోన్. ఆయనా ప్రభాకరం అంకులూ ఒకప్పుడు ప్రాణస్నేహితులు. ఏదో ఉగాదికి పులిహోరలో ఆవ పెట్టాలని రాజమండ్రి ప్రభాకరం అంకులూ, పెట్టకూడదని నెల్లూరు మురళీధర్ అంకులూ పట్టుబట్టి, అప్పట్నుంచి ఏళ్ల తరబడి మాటల్లేవు.

"అమ్మా... ఎప్పుడు పోయాడమ్మా?"

"ఎవరు అంకుల్?"

"ఇంకెవరు, ప్రభాకరం! సన్మాన సభ కాస్తా సంతాప సభ చేశాడా వాడు! సుశీలమ్మకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎలా ఎత్తుతుందిలే పాపం, ఈ స్థితిలో! నేను వాళ్లింటికే బయల్దేరాను." పెట్టేశారు.

నేను పోస్టర్ మళ్లీ తెరిచాను. మొదటిసారి దాన్ని బయటి మనిషి కళ్లతో చూశాను. పై ప్రాణం పైనే పోయింది.

"ఏమండీ! కొంప మునిగింది!"

మా ఆయన పరుగెత్తుకొచ్చి చూశారు. "దండ వేశావేంటి లలితా!"

"పూలు అందంగా ఉంటాయని..."

"ఈ దీపం?"

"జ్యోతి ప్రజ్వలన అండీ!"

"బ్లాక్ అండ్ వైట్ ఎందుకు చేశావ్?"

"కళ్లు ఎర్రగా ఉన్నాయి!"

"ఇవేంటి, జనన మరణాలా? పైగా భోజనాలు కలవు!"

గ్రూపులో పెట్టింది వెనక్కి తీసుకునే వీలు అప్పట్లో లేదు. "అంకుల్ క్షేమం" అని రాశాను గానీ, దాని మీద యాభై నమస్కారాలు పడి అది ఎక్కడికో కొట్టుకుపోయింది. తడి జుట్టుతోనే కారెక్కాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. నాకు డేటా ఎంట్రీ కాదు, ఆ ఆఫీసు గుమ్మం తుడిచే అర్హత కూడా లేదనిపించింది.

అంకుల్ వాళ్ల వీధిలో కారు పెట్టడానికి చోటు లేదు. తాళం వేసిన ఇంటి ముందు మనవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో పువ్వులు. పోయినవాళ్లింట్లో పొయ్యి వెలిగించరని కొందరు క్యారియర్లలో అన్నం, పెరుగు తెచ్చారు. మురళీధర్ అంకుల్ గేటు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు. నేను నోరు తెరిచి నిజం చెప్పబోయేంతలో ఒక కారు వచ్చి ఆగింది. ఫోన్లు ఇంట్లోనే మరిచి, పక్క ఊరు లెస్టర్‌లో కూరగాయలు కొనుక్కుని, రెండు చేతులా సంచులతో ప్రభాకరం అంకుల్ దిగారు. వెనకే సుశీల ఆంటీ, కరివేపాకు కట్టతో.

ఎవరో కెవ్వుమన్నారు. ఒక క్యారియర్ కింద పడింది.

అంకుల్ సంచులు వదిలేసి గబగబా వచ్చారు. "ఏమైంది? ఎవరు పోయారు? చెప్పండర్రా!"

పువ్వులు తెచ్చినవాళ్లు వాటిని వీపు వెనక్కి దాచుకున్నారు. చివరికి మురళీధర్ అంకులే ముక్కు తుడుచుకుంటూ అన్నారు. "నువ్వేరా!"

ప్రభాకరం అంకుల్ తన మణికట్టు తానే పట్టుకుని, వాచీ చూసుకుంటూ నాడి లెక్కపెట్టుకున్నారు. డాక్టరు కదా, పుకార్లు నమ్మరు. "బాగానే కొట్టుకుంటోందే," అన్నారు.

మురళీధర్ అంకుల్ ఆయన్ని కావలించుకున్నారు. "నీ ఇష్టమొచ్చినంత ఆవ పెట్టుకోరా! గిన్నెడు ఆవ పెట్టుకో! నేనేమన్నా అంటే అప్పుడడుగు!"

ఈలోగా ఎవరో ఆంటీకి ఫోన్‌లో పోస్టర్ చూపించారు. పసుపు కుంకుమలతో ఉన్న ఇల్లాలికి చూపించే బొమ్మా అది! వీధిలోనే ఆవిడ కాళ్ల మీద పడ్డాను.

"క్షమించండి ఆంటీ. నాకు తెలియక... అందంగా ఉంటుందని..."

ఆంటీ గుంపునీ, మొగుణ్నీ, ఆయన భుజం మీద ఏడుస్తున్న మురళీధర్ అంకుల్‌నీ చూశారు. "లే," అన్నారు చివరికి. "జనం కదలాలని నేనే అన్నాను. కదిలించావు తల్లీ. లోపలికి పద, ఇంతమందికి టీ పెట్టాలి. ఆ బుద్ధి లేని దండ సంగతి తర్వాత మాట్లాడతాను."

అందరూ తలలు దించుకుని మెల్లగా జారుకోబోతుంటే ప్రభాకరం అంకుల్ అడ్డం నిలబడ్డారు. "ఎక్కడికీ? ఇంత దూరం వచ్చారు. నా గురించి ఏం మాట్లాడదామనుకుని వచ్చారో అది చెప్పి వెళ్లండి. నిజంగా పోయినప్పుడు ఎలాగూ నాకు వినపడదు."

హాల్లో సోఫా మధ్యలో కూర్చుని, టీ తాగుతూ, తన సంతాప సభ తానే చేయించుకున్నారు. మొదట సిగ్గుపడ్డారు గానీ తర్వాత ఎవరూ ఆగలేదు. ఒకావిడ బిడ్డకు జ్వరమొస్తే మంచు కురుస్తుండగా నడిచొచ్చి చూశారని చెప్పింది. ఇంకొకాయన, వచ్చిన కొత్తలో ఇల్లు దొరక్కపోతే ఈ సోఫాలోనే పడుకున్నానన్నాడు. అంకుల్ టీ కప్పు కింద పెట్టి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లొత్తుకున్నారు. కప్పులు కడుగుతున్న నేనైతే బాహాటంగానే ఏడ్చాను.

వెళ్లబోతుంటే అంకుల్ నన్ను పిలిచారు. ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పోస్టర్‌ని ఎక్స్‌రే పరీక్షించినట్టు పరీక్షిస్తున్నారు.

"అమ్మాయ్, ఈ పువ్వులన్నీ నువ్వే వేశావా?"

"అవునంకుల్."

"ఒక్కో రెక్కా విడివిడిగా వేశావే! పైగా నా మొహంలో ఈ మాత్రం హుందాతనం నలభై ఏళ్లలో ఏ ఫోటోగ్రాఫరూ తేలేదు. బాగుంది. చాలా బాగుంది. మానకు."

ఆ "మానకు" విన్నాక నేను ఇంటికి కార్లో వచ్చానో గాల్లో వచ్చానో గుర్తులేదు.

ఆదివారం హాల్లో కుర్చీలు చాలలేదు. పోలేదని తెలిసినవాళ్లు సంతోషంతో వచ్చారు, తెలియనివాళ్లు తెల్లచీరలు కట్టుకుని వచ్చి, స్టేజీ మీద నవ్వుతున్న మనిషిని చూసి నోరెళ్లబెట్టారు. శాలువా కప్పింది మురళీధర్ అంకులే. పులిహోరలో ఆవ ఘాటుకి అందరికీ కళ్లనీళ్లు వచ్చాయి, ఆయన మాత్రం కిమ్మనకుండా రెండోసారి వడ్డించుకున్నారు. ప్రభాకరం అంకుల్ మైకులో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా ఆయన. సోమవారం పొద్దున్న ఆ ఉద్యోగానికి నేను వద్దనకముందే, ఆయనే ఫోన్ తీసి స్నేహితుడితో అన్నారు: "మా ఆవిడకు ఖాళీ లేదురా. డిజైనర్ కదా."

ఆ మధ్యాహ్నమే నాకు మొదటి ఆర్డర్ వచ్చింది. మురళీధర్ అంకుల్.

"అమ్మా, వచ్చే నెల నా డెబ్బయ్యో పుట్టినరోజు. ప్రభాకరానికి వచ్చినంత జనం రావాలి. ఇంకా ఎక్కువే రావాలి. పోస్టర్ నువ్వే చెయ్యాలి."

"తప్పకుండా అంకుల్! రంగురంగుల బెలూన్లతో..."

"బెలూన్లెందుకమ్మా, వాటికెవరొస్తారు! వాడికి చేసినట్టే చెయ్యి. బ్లాక్ అండ్ వైట్, దీపం, అన్నీ. దండ మాత్రం వాడిదానికంటే కాస్త లావుగా ఉండాలి."

ఫోన్ పెట్టేసి, ల్యాప్‌టాప్ మీద కుడిచెయ్యి ఉంచి, మా ఆయన సాక్షిగా ఘోర ప్రతిజ్ఞ చేశాను. బెలూన్లు వేస్తాను, బాకాలు వేస్తాను, అడిగితే ఏనుగు అంబారీ కూడా వేస్తాను. కానీ ఈ జన్మలో మళ్లీ ఊపిరున్న మనిషి ఫోటోకి దండ వేయను. ఎంత పెద్దవారైనా సరే, ఎంత బతిమాలినా సరే. దండ కావలసినవాళ్లు ముందు తమ వంతు పని పూర్తి చేసుకుని, ఆ తర్వాతే నా దగ్గరికి రావాలి.