మేడ మీది పురుడు

మా అత్తమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుము వాలుస్తానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. హైదరాబాద్ శివారున ఇంద్రేశంలో మా గల్లీ వాళ్లకు ఆమె ఎవరో చెప్పనక్కర్లేదు. మీకు మాత్రం ఒక సంగతి చెప్పాలి. పదిహేనేళ్లు ఆమెతో ఒకే వంటింట్లో మెలిగాను. అందులో సగం రోజులు పోట్లాడుకున్నాం. ఇప్పుడు ఆ పోట్లాటలే ఎక్కువ గుర్తొస్తున్నాయి.

అన్నింటికీ ఆమెకు ఒక పద్ధతి ఉండేది. గడప కడగనిదే పొయ్యి వెలిగించనిచ్చేది కాదు. ఒళ్లు కాలిపోతున్నా దేవుడి దీపం తప్పేది కాదు. "చుట్టానికి అన్నం పెట్టాలె, ఇంటిమనిషికి పని చెప్పాలె" అనేది. నాకు పెళ్లైన మూడో రోజే పని చెప్పింది లెండి.

నేను బొల్లారంలో మందుల కంపెనీలో పని చేస్తాను. మూడేళ్ల కింద కొత్త మిషన్లు నేర్పడానికి ఫిలిప్పీన్స్ నుంచి ఒకామె ఏడాది కోసం మా దగ్గరికి వచ్చింది. హైదరాబాద్ మహానగరం నడుమ ఉంటానని ఊహించుకుని వచ్చిన మనిషి, కంపెనీ బస్సు మా సందు చివర ఆగుతుందన్న ఒక్క కారణంతో మా మేడ మీది గదిలో దిగింది. ఐదు నెలల కూతుర్ని మనీలాలో తల్లి దగ్గర వదిలి వచ్చింది. క్రిస్మస్‌కు వెళ్లి చూసుకోవచ్చని రోజులు లెక్కపెట్టుకుంది. తీరా సమయానికి ఆడిట్ పడి సెలవు రద్దయింది.

పండుగ పొద్దున ఆమె కిందికి రాలేదు. అత్తమ్మ నన్ను వెంటేసుకుని పైకెళ్లింది. కిటికీకి కాగితం నక్షత్రం, బల్ల మీద చిన్న చిన్న మట్టి బొమ్మలు. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. మంచం మీద సగం సర్దిన పెట్టె. ఉద్యోగం వదిలేసి వెళ్లిపోతానంది నాతో.

అత్తమ్మ బొమ్మల ముందు వంగి, "గీళ్లంత ఎవరు?" అని అడిగింది. గడ్డిలో పడుకున్నది వాళ్ల దేవుడని, ఈ రోజే పుట్టాడని, పక్కన తల్లి అని, ఆ ముగ్గురూ కానుకలు తెచ్చినవాళ్లని చెప్పాను.

"అందరు పిల్లగానికే తెచ్చిండ్రు. మరి బాలింతకు ఎవరేం పెట్టిండ్రు?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఎవరూ ఏమీ పెట్టలేదంది.

అంతే, గంటలో శొంఠి, వాము, మిరియాలు, బెల్లం, నెయ్యి కలిపి దంచిన కాయం తయారైంది. మా వైపు బాలింతకు అదే మందు, అదే తిండి. అత్తమ్మ ఒక ముద్ద తల్లి బొమ్మ ముందు పెట్టి, రెండోది ఆమె నోట్లో పెట్టింది. "నువ్వు గూడ బాలింతవే గద బిడ్డా. పచ్చి ఒళ్లు" అంటూ చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టింది. అంత పెద్ద ఇంజినీరు నోరెత్తకుండా కట్టించుకుంది.

కిందికొచ్చి అత్తమ్మ దేవుడి గది తలుపు మూసేసింది. "ఇంట్ల పురుడొచ్చింది. పదకొండు దినాలు దీపం లేదు" అంది. పుట్టుక అంటు అయినవాళ్లకే పడుతుంది. కిరాయికున్నవాళ్ల పురుడు ఇంటి ఓనర్లకు పట్టడం నేనెక్కడా వినలేదు. పైగా ముక్కోటి ఏకాదశి ఆ పదకొండు రోజుల్లోనే ఉంది. ఉత్తర ద్వారంలోంచి దేవుణ్ని చూడనిదే ఆ రోజు ఆమె మంచినీళ్లు ముట్టదు. కాపురానికొచ్చినప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు.

మామయ్య మండిపడ్డాడు. "బొమ్మ పుడితే పురుడేందే? ముక్కోటి పోగొట్టుకుంటవా?"

"పుట్టింది బొమ్మనే. ఏడ్సుకుంట కూసున్నది బొమ్మనా?" అంది అత్తమ్మ. "మనకు పురుడు లేదంటే ఆ పిల్ల మనది కానట్టే. గా మాట నువ్వే పైకి పోయి చెప్పు."

ఆయన పోలేదు. ముక్కోటి నాడు ఇద్దరూ ఇంట్లోనే ఉండిపోయారు. అత్తమ్మ ఉత్తరం దిక్కు తిరిగి చేతులు జోడించి, పొద్దంతా మంచినీళ్లు ముట్టకుండా కూర్చుంది. ఆమెకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు. జీవితంలో మొదటిసారి ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. సిగ్గేసి మొక్కలేదు. ఆ లోటు ఇక తీరదు.

సాయంత్రం మేడ మీదికెళ్లి, అత్తమ్మ ఏం వదులుకుందో ఆమెకు విడమరిచి చెప్పాను. ఆమె కిందికొచ్చి అత్తమ్మ పక్కన కూర్చుని, ముందున్న చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. అత్తమ్మ కాసేపు చూసి, "గట్ల గాదు, రెండు దిక్కుల తియ్యాలె" అని గదమాయించింది. పెట్టెలోని బట్టలు మళ్లీ దండెం మీదికెక్కాయి.

పదకొండో రోజు ఇల్లంతా కడిగి, హాల్లో పాత చీరతో తొట్టెల కట్టి, మేడ మీది పిల్లగాడి బొమ్మను అందులో పడుకోబెట్టింది. పక్కింటి ఆడవాళ్లను పిలిచింది. బొటనవేలంత బొమ్మ చీర మడతల్లో ఎక్కడుందో ఎవరికీ కనబడలేదు. "గిట్ల గాదు గని, నీ బిడ్డను పిలువు" అంది అత్తమ్మ, మేడ మీదామెతో. మనీలాకు వీడియో కలిపాక ఫోన్ అందుకుని, చిన్న దిండుకు ఆనించి తొట్టెల్లో నిలబెట్టింది. ఆడవాళ్లు లాలి అందుకున్నారు. అత్తమ్మ మెల్లగా ఊపింది. తొట్టెల ఇటు వచ్చినప్పుడల్లా అత్తమ్మ బోసి నవ్వు ఫోన్‌లో పడేది, అటు పోతే మాయమయ్యేది. మనీలాలో పసిది ఆ ముఖం కోసం రెండు చేతులూ చాచి కిలకిలా నవ్వింది.