పన్నెండు బేళ్ల ఎర్రంచు దుప్పట్లు

అది 1982. వానలు బాగా పడిన ఏడాది. వరంగల్ కాశిబుగ్గలో ఒక చేనేత సంఘంలో నేను రంగుల మాస్టర్‌గా పనిచేస్తున్నాను. మగ్గాలన్నీ సభ్యుల ఇళ్లలోనే ఉండేవి. సంఘం ఆఫీసు వెనక రేకుల షెడ్డు కింద మా రంగుల ఖానా. మూడు సిమెంటు తొట్లు, రెండు కట్టెల పొయ్యిలు, పక్కనే చేదబావి. పదకొండేళ్లు షోలాపూర్ మిల్లులో పని నేర్చుకొని వచ్చినవాణ్ని కాబట్టి నా మాటకు కొంచెం విలువ ఉండేది. గోళ్ల సందుల్లో ఎరుపు ఎన్నడూ పోయేది కాదు. పెళ్లిళ్లలో బంతికి కూర్చుంటే పక్కవాళ్లు నా చేతులు చూసి, "రంగు మాస్టరా?" అని అడిగేవారు.

ఆ సంవత్సరం మా సంఘానికి పెద్ద ఆర్డరు వచ్చింది. ఒక సర్కారు దవాఖానలో బాలింతల వార్డుకు దుప్పట్లు. తెల్ల దుప్పటికి రెండు వైపులా నాలుగు వేళ్ల వెడల్పు ఎర్రంచు. చూడటానికి సాదా బట్టే. కానీ నలభై మగ్గాలకు మూడు నెలల పని. సరుకు లారీ ఎక్కగానే నేతగాళ్లకు మిగిలిన కూలి ఇస్తామని, అది బతుకమ్మ పండుగకు ముందే అందుతుందని అధ్యక్షుడు కనకయ్య అందరికీ మాట ఇచ్చాడు.

ఎరుపు కోసం మేము వాడేది నాఫ్తాల్ రంగు. దాని సంగతి చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. నూలు చిలపలను, అంటే దారపు కట్టలను, మొదట నాఫ్తాల్ కలిపిన నీళ్లలో నానబెడతాం. అప్పుడు ఎరుపు కనపడదు. తరువాత వాటిని గట్టిగా పిండేసి, ఐస్ గడ్డలు వేసి చల్లబరిచిన రెండో తొట్టిలో ముంచుతాం. ఆ రెండో నీళ్లలో ఉండేదాన్ని బేస్ అంటారు. ముంచిన క్షణంలో ఎరుపు భగ్గుమంటుంది. ఎన్ని వందల సార్లు చూసినా నాకు ఆ క్షణం ముద్దుగానే ఉండేది. అయితే పని అక్కడితో అయిపోదు. దారంలోకి దిగని రంగు పైపైన పట్టుకొని ఉంటుంది. దాన్ని వదిలించడానికి సబ్బు, సోడా వేసి తెర్లుతున్న నీళ్లలో అరగంట ఉడికించాలి. దీన్ని సోపింగ్ అంటాం. సోపింగ్ తక్కువైతే కంటికి తెలియదు. పైగా రంగు ఇంకా నిగనిగలాడుతుంది. మోసమంతా అక్కడే.

నాకు నేను పెట్టుకున్న కట్టుబాట్లు రెండు ఉండేవి. ఎవరూ పెట్టమనలేదు, సంఘం రూల్సులో లేవు. ఒకటి, చేయని పనిని రంగుల బుక్కులో రాయకూడదు. రెండు, నేసిన సరుకులోంచి నడిమి పీసు ఒకటి తీసుకొని మా ఇంట్లో వారం రోజులు మామూలు బట్టలతో కలిపి ఉతికించి చూడాలి. సాంపిల్ కోసమని విడిగా పెట్టిన పీసు ఎప్పుడూ బాగానే ఉంటుంది. దాన్ని నేను నమ్మేవాణ్ని కాదు.

ఈసారి నా వారం నిండకముందే, దవాఖానకు వెళ్లే సరుకు చూసే ఇన్‌స్పెక్టర్ చెప్పిన రోజుకంటే ముందే వచ్చాడు. మంచి మనిషి. బట్ట కొలిచాడు, పోగులు లెక్కపెట్టాడు, మొదటిసారి రంగేసిన లాటు నుంచి తీసిన సాంపిల్‌ను తడిపి తెల్లగుడ్డకు రుద్దాడు. ఏమీ అంటలేదు. "రంగు బ్రహ్మాండంగా ఉంది మాస్టర్" అని నా భుజం తట్టి, దుప్పట్లు కట్టిన ప్రతి బేలు మీద ముద్ర వేయించి వెళ్లిపోయాడు. పన్నెండు బేళ్లు. సోమవారం లారీ.

శనివారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లాను. మా ఆవిడ సుశీల దండెం మీద నుంచి నా ధోతి తీసి ముందర పరిచింది.

"చూడుర్రి, మీ ధోతికి పెండ్లి కళ వచ్చింది" అన్నది.

ధోతి సగం దాకా లేత గులాబీ రంగు. పక్కన దండెం మీద నేను ఉతకమని ఇచ్చిన దుప్పటి ఆరుతోంది. "దీంతోనే నానబెట్టినవా?" అన్నాను. "మీరే గద అన్నిట్ల కలిపి ఉతకమన్నది" అన్నది.

అన్నం తినకుండానే రంగుల ఖానాకు వెళ్లి బుక్కు తీశాను. రెండో లాటు దగ్గర నా దస్తూరీతోనే ఉంది: సోపింగ్, అరగంట. చూస్తూనే ఆ రోజు గుర్తుకొచ్చింది. పొద్దున్నుంచి ఒకటే వాన. కట్టెలు తడిసి పొగ తప్ప మంట లేదు. నీళ్లు తెర్లలేదు, వేడెక్కాయంతే. పావుగంట చూసి, చిలపలు తీయించేశాను. రంగు నిగనిగలాడుతుంటే ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. సాయంత్రం బుక్కులో అలవాటు కొద్దీ 'అరగంట' అని రాశాను. అబద్ధం రాస్తున్నానని కూడా అనుకోలేదు. చెయ్యి రాసుకుంటూ పోయింది. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

ఇంటికి తిరిగివచ్చి సుశీలకు చెప్పాను.

"ఎవలకన్న తెల్సా?" అన్నది.

"నీకు, నాకు."

ఆమె ధోతి మడిచి పక్కన పెట్టింది. తరువాత, "బాలింతలు పండుకునేటియి గదా. పసిగుడ్ల ఒంటికి రంగు అంటితె ఏమన్నయితదా?" అని అడిగింది.

"నాకు తెల్వది" అన్నాను.

నిజంగానే తెలియదు. బహుశా ఏమీ కాదేమో. నాఫ్తాల్ నా చేతులకు పదేళ్లకు పైగా అంటుతూనే ఉంది. కానీ నా చేతులు వేరు, పుట్టి రెండు రోజులైన పిల్ల ఒళ్లు వేరు. తెలియని దాన్ని పరవాలేదని చెప్పడానికి నేనెవణ్ని? ఆ ప్రశ్న వచ్చాక ఇక ఆలోచించడానికి ఏమీ మిగలలేదు. భయం మాత్రం మిగిలింది.

ఆదివారం పొద్దున్నే కనకయ్య ఇంటికి వెళ్లాను. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. వాకిట్లో కూర్చొని చాయ్ తాగుతున్నాడు. అంతా విన్నాక కప్పు కింద పెట్టాడు.

"ముద్ర పడ్డది నర్సయ్యా. ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టిండు. ఇగ మనకేం సంబంధం?"

"ఆయన చూసింది మొదటి లాటు, కనకన్నా. రెండో లాటు ఖరాబు చేసింది నేను."

"రెండో లాటు దుప్పట్లు ఏవో ఏరి తీయరాదు?"

"కలిసిపోయినయ్. కంటికి తెల్వది. అన్ని బేళ్లు ఇప్పాలె, మల్ల ఉడకబెట్టాలె."

"ఈ వానల? పండుగ పది రోజులున్నది! నువ్వు జర నోరు మూసుకుంటె ఎవనికి తెల్వది."

"నాకు తెల్సు గదన్నా."

ఆయన కప్పులో మిగిలిన చాయ్ వాకిట్లో పారబోశాడు. కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. చివరికి, "సరే. నా నోటితోని నేను చెప్ప. నువ్వే చెప్పుకో వాళ్లకు" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే సంఘం వాకిట్లో సభ్యులు కూడారు. ముప్పై మందికి పైనే ఉంటారు. బుక్కు చేతిలో పట్టుకొని నిలబడ్డాను. వాన కురిసిన రోజు నేనేం చేశానో, బుక్కులో ఏం రాశానో, ధోతికి ఏం జరిగిందో వరసగా చెప్పాను. లారీ రేపు వెళ్లదన్నాను.

మొదట లేచింది సాంబలక్ష్మి. భర్త పోయాక మగ్గం తానే నడుపుతూ ఇద్దరు పిల్లల్ని సాకుతున్న మనిషి. ఆమె నేసినంత సమంగా మా సంఘంలో మగవాళ్లు కూడా నేయరు.

"తప్పు నువ్వు చేస్తివి. పండుగ మాకు లేకపాయె. గిదేం న్యాయం మాస్టరూ? నా పిల్లలకు ఏం చెప్పాలె?"

"నా తప్పేనమ్మా."

"ఆ ముక్క నా పొయ్యి మీద కుండ ఎక్కిస్తదా?"

ఆమె ముందుకు వచ్చి నా చేతిలోంచి బుక్కు లాక్కుంది. ఆ పేజీని చూసింది. ఆమెకు చదువు రాదు. పక్కనున్న లింగయ్యతో చదివించుకుంది. ఇంకెవరో నన్ను బూతు తిట్టారు. ఒకాయన తలపాగ దులిపి భుజాన వేసుకొని లేచి వెళ్లిపోయాడు. ఆ గంటసేపు గడిచినట్టు నా జన్మలో మరే గంటా గడవలేదు. అయినా ఒక మాట చెప్పాలి. శనివారం మధ్యాహ్నం నుంచి గుండెలో కూర్చున్న బరువు, ఆ తిట్ల నడుమనే దిగిపోయింది.

సోమవారం పొద్దున బేళ్లు విప్పాం. నేను ఇన్‌స్పెక్టర్‌కు ఉత్తరం రాసి, తప్పు నాదని, సరుకు మళ్లీ చూడాలని కోరాను. కనకయ్య ఆ ఉత్తరం చదివి తానూ కింద సంతకం పెట్టాడు.

మొదటి కాగులో ఉడికించిన దుప్పట్లు తీసేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. వదిలిన ఎరుపు తెల్ల బట్టకు పట్టింది. అంతా గులాబీ రంగు. అలాగే ఉండిపోతే పన్నెండు బేళ్లూ దేనికీ పనికిరావు. నేనొచ్చి చెప్పి, ఉన్న సరుకును కూడా చెడగొట్టానని అంటారు, ఆ మాట నిజమే అవుతుంది కూడా. కాగు పక్కన పీట మీద కూర్చొని ఆలోచించాను. షోలాపూర్‌లో మా మిల్లులో సోపింగ్ నీళ్లు ఎప్పుడూ పారుతూనే ఉండేవి. ఇక్కడ మేము ఉన్న నీళ్లలోనే ఉడికిస్తున్నాం. వదిలిన రంగు పోవడానికి దారి లేక మళ్లీ బట్టనే ఎక్కుతోంది. అయితే నీళ్లు మార్చాలి. చల్లారనివ్వకుండా, వేడి మీదనే, మూడు సార్లు మార్చాలి.

మూడు సార్లంటే మూడు కాగులు, మూడింతల కట్టెలు, మూడింతల నీళ్లు. మా దగ్గర రెండు పొయ్యిలే ఉన్నాయి. నేను, నాతో పనిచేసే ఇద్దరు తోడుతూనే ఉన్నాం. ఎంతకూ సరిపోవడం లేదు. అప్పుడు సాంబలక్ష్మి వచ్చింది. నెత్తి మీద పొడి కట్టెల మోపు ఉంది. దాన్ని నా ముందర పడేసింది.

"నీ మీద కోపం పోలే" అన్నది. "కానీ నేసింది నేను. నా బట్ట గట్ల గులాబీగుంటె సూడలేను."

తరువాత లింగయ్య తన ఇంటి కాగు మోసుకొచ్చాడు. ఆడవాళ్లు బావి దగ్గర వరస కట్టారు. ఆ రోజు లేచి వెళ్లిపోయిన తలపాగ ఆయన కూడా వచ్చి, కట్టె పట్టుకొని కాగు కలపడం మొదలుపెట్టాడు. మూడో నీళ్లలోంచి తీసిన దుప్పటిని ఇద్దరం చెరో వైపు పట్టి పిండాం. కారిన నీళ్లు తెల్లగా ఉన్నాయి. బట్ట తెల్లగా ఉంది. అంచు మాత్రం ముదురు ఎరుపుగా, ఉండాల్సినట్టే ఉంది. సాంబలక్ష్మి ఆ అంచును వేలితో గట్టిగా రుద్ది, వేలు చూసుకుంది.

ఆరబెట్టడం ఇంకో యుద్ధం. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా బయట, కురిసినప్పుడు మగ్గాల గదుల్లో, మా ఇంటి నడిమింట్లో కూడా దుప్పట్లే. వారం రోజులు సుశీలా నేనూ వాటి కింద వంగి నడిచాం. ఇన్‌స్పెక్టర్ మళ్లీ వచ్చాడు. ఈసారి సాంపిల్ నేను ఇవ్వలేదు. బేలు మధ్యలోంచి తననే తీసుకోమన్నాను. తడిపి, రుద్ది, పాత ముద్రల పక్కన కొత్త ముద్రలు వేయించాడు. వెళ్తూ, "ఇట్లాంటి ఉత్తరం నా సర్వీసులో మొదటిసారి చూశానయ్యా" అన్నాడు.

లారీ పండుగ దాటినంక కదిలింది. ఆ బతుకమ్మ మా వాడలో చిన్నగానే జరిగింది. ఆలస్యానికి దవాఖాన వాళ్లు కొంత కోత పెట్టారు. అది నా జీతంలోంచి పట్టుకోమని నేనే అడిగాను, పట్టుకున్నారు. ఇవేవీ నేను దాచడం లేదు. మంచి పని చేస్తే అందరికీ మంచే జరిగిందని చెబితే అది ఇంకో తప్పుడు రాత అవుతుంది.

ఆ నెలాఖరుకు సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది. నన్ను తీసేసి కొత్త మాస్టర్‌ను తెచ్చుకోవాలని ఇద్దరు ముగ్గురు పట్టుబట్టారు. వాళ్లది అన్యాయమని నేననుకోలేదు. గోడకు ఆనుకొని కూర్చున్నాను. కనకయ్య, "ఎవరన్నా మాట్లాడేదుందా?" అని అడిగాడు. వెనక నుంచి సాంబలక్ష్మి లేచింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"కొత్తాయన తప్పు చేయడా?" అని అడిగింది. "చేస్తడు. చేసినంక మనకచ్చి చెప్తడా? గది చెప్పుర్రి నాకు. గీయన చెప్పిండు. నేను తిట్టిన, అయినా నిలబడి చెప్పిండు. నా మట్టుకు నేను గీయన రంగేసిన నూలే నేస్త."

చేతులెత్తమన్నారు. నన్ను ఉంచాలని ఎత్తిన చేతులు ఎన్నో నేను లెక్కపెట్టలేకపోయాను, కళ్లు మసకబారాయి. తలపాగ ఆయన చెయ్యి కూడా లేచిందని తరువాత సుశీల ఎవరి ద్వారానో విని చెప్పింది.

ఆ తరువాత ఇంకో పన్నెండేళ్లు అదే షెడ్డులో పనిచేశాను. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు, మాస్టర్ అంటే తప్పు చేయనివాడు అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని, 1982 దాకా. ఇప్పుడు నాకు గర్వం ఉంటే అది నా ఎరుపు గురించి కాదు. ఆ పన్నెండేళ్లలో మరో రెండుసార్లు నా చేతిలో రంగు చెడింది. రెండుసార్లూ ఆ మాట సభ్యులు మొదట విన్నది నా నోటినుంచే.