మార్చి చదివిన ఉత్తరం

పద్దెనిమిదేళ్లుగా ఒక ఉత్తరం నా గుండెల మీద కూర్చుని ఉంది. కాగితాన్ని ఆ రోజే పొయ్యిలో పెట్టేశాను. అందులోని ప్రతి మాటా ఇప్పటికీ నోటికి వచ్చు. మా ఆయనకి కూడా చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. మీరైతే నన్ను ఏమీ అడగలేరు కదా.

మాది సముద్రం అవతల దీవుల్లో ఉన్న హోప్ టౌన్. స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకని ఓడెక్కి వచ్చిన కుటుంబం. మా అన్నదీ వేటే. వదిన జ్వరంతో పోయింది. కూతురికి ఐదేళ్లప్పుడు, దాన్ని నా ఒళ్లో పెట్టి అన్న విశాఖపట్నం వెళ్లిపోయాడు. ఎందుకో నాకు తెలుసు. చిన్నప్పుడు నా పరికిణీ కట్టుకుని అద్దం ముందు నిలబడేవాడు. నాన్న తెడ్డుతో కొట్టేవాడు. నేను తలుపు చాటు నుంచి చూసేదాన్ని, అంతే.

ఉత్తరాలు వచ్చేవి. పాప హిందీ బడిలో చదివేది. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. నేనే చదివి వినిపించేదాన్ని. దానికి పన్నెండేళ్లప్పుడు ఈ ఉత్తరం వచ్చింది.

"ఇప్పుడు చీర కట్టుకుంటున్నాను. అందరూ నూకాలు అంటారు. ఒక మెస్సులో వంట చేస్తున్నాను. వచ్చే ఓడకి వస్తున్నాను. పాపకి ఉన్నదున్నట్టు చెప్పు. చూస్తానంటే జెట్టీకి తీసుకురా. వద్దంటే బలవంతపెట్టకు. అదే ఓడలో తిరిగి వెళ్లిపోతాను, మళ్లీ రాయను."

పాప నా మోకాళ్లకి ఆనుకుని కూర్చుంది.

"పఢో నా, చదువు అత్తా! నాన్న ఏటి రాసినాడు?"

"అక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నాడంటమ్మా. ఇంక ఉత్తరాలు రాయడంట."

"నా గురించి కుఛ్ భీ నేదా?"

"నేదమ్మా."

ఒక్క చోటైనా తడబడలేదు. అంత నున్నగా ఎలా చదివాను? పరువు కోసమని, రేపు పిల్లకి సంబంధాలు రావని, చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు పిల్లల్లేరు. నిజం తెలిస్తే అది జెట్టీకి పరిగెత్తుతుందని, వెళ్తే ఇక నా దగ్గర ఉండదేమోనని భయపడ్డాను.

ఓడ వచ్చింది. జెట్టీ అవతలి ఒడ్డున, మా ఒడ్డు నుంచి చూస్తే కనబడుతుంది. మూడు రోజులు ఉంది. మూడు రోజులూ పాపని ఎండు చేపల దగ్గర కాపలా కూర్చోబెట్టాను. ఓడ తిరిగి వెళ్తుంటే, మా ఊరి పిల్లలు ఏ ఓడకైనా చేసినట్టే, అదీ లేచి చెయ్యి ఊపింది. నేను చేపలు తిరగేస్తూ ఉండిపోయాను.

ఏడాది తర్వాత ఉండబట్టలేక జాబు రాశాను, జన్మలో మొదటిసారి "అక్కా" అని మొదలుపెట్టి. ఆ చిరునామాలో అలాంటి మనిషి లేదని తిరిగొచ్చింది. ఇంకెక్కడని వెతకను? అక్క బతికుందో లేదో కూడా తెలియదు.

ఆ పాప ఇప్పుడు ఇంకో దీవిలో, రంగత్‌లో టీచరు. సెలవులకి వచ్చింది. నిన్న మధ్యాహ్నం ఫోనులో ఒక సినిమా చూపించింది. ఆడమనిషిగా బతుకుతున్న తండ్రి, ఎన్నో ఏళ్లకి కూతుర్ని వెతుక్కుంటూ వచ్చే కథ. ఆ కూతురు మొహం మీదే తలుపు వేస్తే మా పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. తన కోసం అలా ఎవరైనా వచ్చి ఉంటే, ఏం కట్టుకుని వచ్చినా వాటేసుకునేదాన్నని అంది. మాట నా నాలిక చివరి దాకా వచ్చింది. టీ పెడతానని లేచి వెళ్లాను.

ఇందాక ఇది రాస్తుంటే వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది. ఏం రాస్తున్నావని అడిగింది. ఏదోలే అన్నాను. నవ్వి వెళ్లిపోయింది. తెలుగులో దానికి గుర్తుపట్టడం వచ్చిన మాట ఒక్కటే, తన పేరు. ఓడెక్కే ముందు రోజు మా అక్క, అంటే దాని నాన్న, వేలు పట్టుకుని ఇసకలో దిద్దించిన పేరు. అందుకే ఇంతసేపూ ఆ పేరు రాయకుండా తప్పించుకుంటూ వచ్చాను.

క్షమించమని ఎవర్ని అడగను? చెప్పేశాను, ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. ఈ కాగితం బల్ల మీదే వదిలేస్తున్నాను. కింద నా పేరు కాదు, దాని పేరే రాసేస్తున్నాను. చూస్తే ఇందులో తన గురించి ఏముందని అడుగుతుంది. ఈసారి ఉన్నదున్నట్టు చదవగలనో లేదో నాకు తెలియదు.

గౌరి.