గీత మీద నిలబడ్డందుకు

పెద్దమనుషుల ఆటలో కూడా మైల ఉంటుందని మాకెవరు చెప్పారు? నా తమ్ముడు ఏనాక్ పగలంతా గనిలో బొగ్గు తవ్వి, ఇంటికి ఏడు మైళ్ళూ కొండ మీదుగా పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. యార్క్‌షైర్ మొత్తంలో పది మైళ్ళ పరుగులో వాణ్ణి మించినవాడు లేడు. ఆ వేసవిలో లండన్‌లో జరిగే ఒలింపిక్ పందేలకు వాడి పేరు రాసుకున్నారు. పరుగుకు చిల్లిగవ్వైనా పుచ్చుకున్నవాడు వాటికి పనికిరాడు. వీడు రైలు ఛార్జీ ఇస్తామన్నా తీసుకోలేదు, పిచ్చి సన్నాసి!

వాడి అన్న జాబ్‌ని, నా సంగతి వేరు. పద్దెనిమిదో ఏట షెఫీల్డ్‌లో డబ్బు పందెంలో ఒక్కసారి పరిగెత్తాను. పది షిల్లింగులు గెలిచి, రెండు రోజుల్లో తాగేశాను.

ఆ జూన్‌లో మా గని జాతరకు పరుగు పెట్టారు. గెలిచినవాడికి డబ్బు కాదు, ఉప్పులో ఊరిన పంది తొడ. "ఏం జాబ్, పొట్ట అడ్డమా?" అని తోటివాళ్ళు ఎగతాళి చేస్తే రోషమొచ్చి నేనూ గీత మీద నిలబడ్డాను. అర మైలుకే ఊపిరాడక రాతిగోడ మీద కూలబడ్డాను. ఏనాక్ గెలిచాడు. ఇంటిల్లిపాదీ కడుపు నిండా మాంసం తిన్నాం.

పది రోజులకే ఒలింపిక్ పందేల కమిటీ నుంచి పిలుపొచ్చింది. ఎవడో కళ్ళలో నిప్పులు పోసుకుని మా మీద వాళ్ళకు ఉత్తరం రాశాడు. తమ్ముడికి తోడుగా వెళ్ళాను.

"డబ్బుకు పరిగెత్తినవాడితో పోటీ పడ్డావా?" అన్నాడు కమిటీలోని మీసాలాయన.

"మా అన్నేనండీ. అర మైలు కూడా రాలేదు."

"గీత మీద నిలబడ్డాడా, లేదా?"

"నిలబడ్డాడండీ."

అంతే. డబ్బు మనిషితో పోటీ పడ్డవాడూ డబ్బు మనిషేనట. ఈ జన్మకి ఇక లండన్ లేదు, ఏ పందెమూ లేదు.

"లేదని చెప్పి ఏడవొచ్చు కదరా!" అన్నాను బయటికొచ్చాక.

"నిలబడ్డావు కదన్నా," అన్నాడు.

నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

నెల తర్వాత షెఫీల్డ్ నుంచి పందేలు నడిపే ఆసామి ఒకడు మా ఇంటికొచ్చాడు. "ఎలాగూ ముద్ర పడింది కదయ్యా, నాతో వచ్చెయ్. పందేనికి ఇరవై పౌన్లు!" అన్నాడు. ఏనాక్‌కది మూడు నెలల కూలి. "తీసుకోరా, వాళ్ళ మొహాన కొట్టినట్టుంటుంది," అని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను.

ఏనాక్ లేచి తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఇవాళ డబ్బు పుచ్చుకుంటే, వాళ్ళు రాసింది నిజమైపోతుందన్నా."

ఆ తర్వాత పనివేళ గని కూత వినబడుతున్నా వాడు నడిచే వెళ్ళేవాడు. ఆలస్యమైందని పనిలోకి రానివ్వకపోతే, నడిచే తిరిగొచ్చేవాడు.