ఇల్సె ఆంటీకి చూపించని ఎర్ర పలక

ఇల్సె ఆంటీ గురువారం మధ్యాహ్నం కన్నుమూశారు. జర్మనీ నుంచి వచ్చిన వాళ్ళ అక్క ఫోన్‌లో చెబుతుంటే నేను "యెస్, యెస్" అంటూ ఉండిపోయాను. ఆ తర్వాత డైరీ తీసి తేదీ వేశాను. కింద ఏమీ రాయలేకపోయాను. ఆవిడకు ముప్ఫై రెండేళ్ళు.

అమెరికాలోని మా షామ్‌బర్గ్‌లో మన తెలుగు పిల్లల్లో చాలామందికి ఈత నేర్పింది ఆవిడే. కాని ఒకప్పుడు ఆవిడ పశ్చిమ జర్మనీ ఛాంపియన్ అనీ, ఎనిమిది వందల మీటర్ల పందెంలో వరసగా మూడేళ్ళు ఆవిడను ఎవరూ దాటలేకపోయారనీ ఎందరికి తెలుసో! మా నాన్న ఒకసారి, "మెడల్స్ ఏవమ్మా, చూద్దాం" అంటే కుడి భుజం చూపించి, "ఇదుగో, ఇంకా నొప్పెడుతోంది" అన్నారు.

రైన్ నది ఒడ్డున చిన్న ఊళ్ళో ఒక మాస్టారు ఆవిడకు ఈత నేర్పారట. ఇక్కడి యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇస్తే, ఆయన వద్దన్నా వినకుండా వచ్చేశారు. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. ఎనభైలో, ఆవిడకు ఇరవయ్యేళ్ళప్పుడు, రాజకీయాల గొడవతో ఆవిడ దేశం ఒలింపిక్స్‌కి వెళ్ళలేదు. "ఆ పందెం రోజున ఏం చేశారు?" అని అడిగాను. "పొద్దున్నే లేచి వెళ్ళి ఎనిమిది వందల మీటర్లు ఈదాను. పక్క లేన్‌లో ఒక తాతగారున్నారు. నేనే గెలిచాను" అని నవ్వారు. ఆ తర్వాత ఇక్కడే కోచ్‌గా ఉండిపోయారు.

మన పిల్లల కోసం రెండు తెలుగు మాటలు నేర్చుకున్నారు. "ఊప్పిరీ! కాళ్ళూ!" అని అరిస్తే పూల్ అంతా తిరిగి చూసేది. "మీ క్లోరిన్‌తో మా పిల్ల జుట్టు పాడైపోతోంది" అని మా అమ్మ సణిగితే, "మీ కొబ్బరినూనెతో నా నీళ్ళు పాడైపోతున్నాయి" అనేవారు.

నలుగురిలో పందేనికి దిగడమంటే నాకు భయం. ఆవిడ బలవంతం చేయలేదు. "నువ్వు మాట్లాడవు, చక్కగా లెక్కపెడతావు. నాకు నువ్వే కావాలి" అన్నారు. దూరపు పందాల్లో ఈదేవాళ్ళకు లెక్క తప్పుతుంది. అందుకని గట్టు మీద ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని, అంకెలున్న పలకను నీళ్ళలో ముంచి చూపిస్తారు. పూల్ ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక పొడవు. ఆఖరి పొడవుకు ఎర్ర పలక. అది చూశాక మిగిలిన బలమంతా ఖర్చుపెట్టేయాలి.

కిందటి వేసవిలో పెద్దవాళ్ళ పోటీలో ఆవిడ ఈదుతుంటే నేను పలక పట్టుకున్నాను. వెనకనుంచి మా అమ్మ స్నేహితురాలు, "ఏమ్మా, చిక్కిపోయావ్! అమ్మ రాలేదా?" అని పలకరించారు. పెద్దావిడ పిలిస్తే పలక్కుండా ఉండటం నాకు చేతకాలేదు. వెనక్కి తిరిగి జవాబు చెప్పాను. లెక్క తప్పి, రెండు పొడవులు ముందే ఎర్ర పలక ముంచేశాను. ఆంటీ ప్రాణం పెట్టి ఈది, గోడ తాకి ఆగిపోయారు. "ఇంకా ఉంది, వెళ్ళు!" అని జడ్జి అరిచాడు. మళ్ళీ ఈదారు. అందరికన్నా ఆఖర్న వచ్చారు.

నేను ఏడుస్తుంటే తడి చేత్తో నా తల మీద ఒక్కటి వేసి, "పోనీలే. కాని ఇకమీదట ముందూ వద్దు, వెనకా వద్దు. సరిగ్గా చూపించు" అన్నారు.

జబ్బు ముదిరి నెల కిందట ఆసుపత్రిలో చేరారు. మొన్న సోమవారం నేను వెళ్తే వాళ్ళ అక్క వరండాలో ఆపి, "ఇక రోజులే. దానికి మాత్రం చెప్పకు" అన్నారు. లోపలికి వెళ్ళాను. ఆంటీ నా చేతిలో నోట్‌బుక్ చూసి, "మా మాస్టారుకి ఉత్తరం రాయాలి. నేను చెబుతా, నువ్వు రాసిపెట్టాలి. కాస్త ఓపిక చిక్కనీ" అన్నారు. తర్వాత, "సుమతీ, నా లెక్క నీ దగ్గరే కదా. ఎన్ని మిగిలాయి?" అన్నారు.

గుమ్మంలో వాళ్ళ అక్క నిలబడి ఉన్నారు. ఆవిడా పెద్దావిడే.

"ఇంకా బోలెడున్నాయి ఆంటీ" అన్నాను.

"అయితే ఉత్తరం శనివారం రాద్దాం" అని కళ్ళు మూసుకున్నారు.

మాస్టారు బతికే ఉన్నారు. నేను ఉత్తరం రాయగలను, కాని ఆవిడ ఏం చెప్పాలనుకున్నారో నాకు తెలియదు. ఎవరినడిగినా తెలియదు.

ఇల్సె ఆంటీ, మీలాంటివారు మాకు మళ్ళీ దొరకరు. మీకు నా నమస్కారం. ఇవాళ శనివారం. నోట్‌బుక్ తెచ్చుకుని కూర్చున్నాను.